బడి బీగంచెవి మాకివ్వండి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, సుగ్గికి పోయే కుటుంబాల పిల్లల కోసం పనిచేస్తున్న ఒక చిన్న యువజన సంఘం తరఫున, సాయంత్రం చదువుకు ప్రభుత్వ బడిలో ఒక గది ఇప్పించమని నమస్కరించి రాస్తున్న లేఖ ఇది.

సుగ్గి అన్న మాట అమరావతిలో వినబడుతుందో లేదో గానీ కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు మండలాల్లో ఆ మాట తెలియని ఇల్లు ఉండదు. కన్నడంలో పంటకోతల కాలానికి ఉన్న పేరు మా దగ్గరికి వచ్చేసరికి ఊరు విడిచి కూలికి పోవడమనే అర్థం తెచ్చుకుంది. తుంగభద్ర మా పక్కనుంచే పారుతున్నా, దిగువ కాలువ మా మధ్యనుంచే పోతున్నా, వాన కోసం ఆకాశం చూసే నల్లరేగడి చేలే ఇక్కడ ఎక్కువ. దీపావళి దాటాక కొన్ని కుటుంబాలు పత్తి తీతకు, సంక్రాంతి దాటాక ఇంకా ఎక్కువ కుటుంబాలు మిరప కోతకు సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని గుంటూరు, పల్నాడు జిల్లాలకు కదిలిపోతాయి. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి, ఆ ఏడు వానలు బాగా పడినా సరే, పోక తప్పదు. ఉగాదికి గానీ ఇళ్ల బీగాలు తీయరు.

పోయిన డిసెంబరులో ఒక తెల్లవారుజామున మా ఊరి గుడి కట్ట దగ్గర ఆగిన లారీని మీకు చూపించాలని ఉంది. జొన్నపిండి మూటలు, పరుపుచుట్టలు, కిరోసిన్ డబ్బాలో కుక్కిన గిన్నెలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు, వాటన్నిటి మీద బడి స్వెట్టరు వేసుకున్న పదో తరగతి అమ్మాయి. “అన్నా, హాల్‌టికెట్ వస్తే నువ్వే తీసి పెట్టు” అని పైనుంచి చెప్పింది. మార్చిలో పరీక్షకు ముందురోజు రాత్రి బస్సు దిగినప్పుడు ఆ పిల్ల వేళ్ల చివర చర్మం మిరప ఘాటుకు లేచిపోయి ఉంది. వాళ్ల అవ్వ మజ్జిగలో చేతులు ముంచి కూర్చోబెట్టింది. మరునాడు పెన్ను పట్టుకుని రాసింది గానీ మూడు సబ్జెక్టులు తప్పింది. ఆ పిల్ల తరగతిలో వెనకబడినది కాదు.

అయ్యా, పదో తరగతి పిల్లల కోసం డిసెంబరులో మీ శాఖ వంద రోజుల ప్రణాళిక మొదలుపెడుతుంది. ఆ ప్రణాళికను మేము తప్పుపట్టడం లేదు. ఆ వంద రోజులే మా పిల్లలు చేలగట్ల మీద ప్లాస్టిక్ పట్టాల గుడారాల్లో ఉండే రోజులని మాత్రం మీ దృష్టికి తెస్తున్నాము. పరీక్ష ఫీజు కట్టాల్సిన వేళకు కొందరు ఊళ్లోనే ఉండరు. హాజరు 75 శాతం ఉండాలన్న నియమం వల్ల పిల్లల చదువుకని ప్రభుత్వం నుంచి తల్లికి రావలసిన సొమ్ము కూడా, ఎక్కువ అవసరమున్న ఇంటికే అందకుండా పోతుంది.

చట్టం లేక కాదు. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను స్థానిక సంస్థల మీదే పెట్టింది, బదిలీ పత్రం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదని కూడా చెప్పింది. అయితే ఆ హక్కు వయసు 6 నుంచి 14 ఏళ్లే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నిండనివారిని పనిలో పెట్టుకోవద్దంటుంది, ఆపైన 18 ఏళ్ల వరకు ప్రమాదకరమని పేర్కొన్న పనులను మాత్రమే వద్దంటుంది. అంటే మా ఊళ్లలో ఒక పిల్లకో పిల్లవాడికో 14 ఏళ్లు నిండిన రోజున రెండు చట్టాలూ ఒకేసారి చెయ్యి వదిలేస్తాయి. సరిగ్గా ఆ వయసుకే మేస్త్రీ లెక్కలో వాళ్లు నిండు కూలీ అవుతారు. ప్రాణభయంతో దేశం హద్దు దాటి వచ్చినవారిని కాందిశీకులంటారు, వారికోసం 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది (మన దేశం దానిమీద సంతకం చేయలేదు, అది వేరే సంగతి). సొంత రాష్ట్రంలోనే ఏటా నాలుగు నెలలు ఊరు లేకుండా బతికే పదిహేనేళ్ల పిల్లకు ఏ కాగితంలోనూ పేరు లేదు.

మా సంఘంలో తొమ్మిది మందిమి ఉన్నాము. అందరికన్నా పెద్దవాడికి 26 ఏళ్లు. ఇద్దరు బీఈడీ చదువుతున్నారు, ఒకరు ఆదోనిలో జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తారు, తక్కినవారు డిగ్రీలో ఉన్నారు. ఈ లేఖ రాస్తున్న నేను ఏడో తరగతి సగం నరసరావుపేట దగ్గర మిరప కల్లంలో గడిపినవాణ్ణి. మేము చేసేది పెద్ద పనేమీ కాదు. లారీ ఎక్కబోయే ఇంటికి ముందుగా వెళ్లి, తొమ్మిది, పది తరగతుల పిల్లలను అవ్వతాతల దగ్గర వదిలిపెట్టమని తల్లిదండ్రులను ఒప్పిస్తాము. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చోబెట్టి చదివిస్తాము. ఆదివారం కల్లంలో ఉన్న అమ్మానాన్నలకు ఫోను కలిపి ఇస్తాము. మూడు గంటల చదువుకన్నా ఆ ఫోనుకే పిల్లలు ఎక్కువగా ఎదురుచూస్తారని ఒప్పుకోవాలి.

ఈ చదువంతా గుడి మండపంలో ఒక్క బల్బు కింద సాగుతోంది. పక్కనే ట్యూబులైట్లు, ఫ్యాన్లు, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న ప్రభుత్వ బడి సాయంత్రం నాలుగున్నరకు బీగం పడి ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు మనసున్న మనిషే, కానీ పైనుంచి కాగితం లేనిదే గది తెరవలేనన్నారు. కాగితం కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగితే, “మీలో పెద్దవాళ్లెవరూ లేరా?” అని అడిగారు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం సంఘం నమోదుకు ఏడుగురుంటే చాలు, నమోదు చేసుకున్నాము కూడా. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అడుగుదామంటే మూడేళ్ల అనుభవం చూపించాలి. ఆ మూడేళ్లు పూర్తయ్యేలోపు మూడు పదో తరగతులు వెళ్లిపోతాయి.

అందువల్ల మేము డబ్బు అడగడం లేదు. వలసలు ఎక్కువగా ఉండే ఊళ్లలో, దీపావళి నుంచి పబ్లిక్ పరీక్షలు ముగిసేదాకా, సాయంత్రం ఒక గదిని ఇలాంటి సంఘాలకు అప్పగించమని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. రాత్రిపూట ఆడపిల్లలు వచ్చే చోట కుర్రవాళ్ల చేతికి బీగంచెవి ఎలా ఇస్తారని ఎవరైనా అడిగితే, అది సరైన ప్రశ్నే. మాలో ఇద్దరు మహిళా సభ్యులున్నారు. డ్వాక్రా సంఘం నుంచి రోజుకొక తల్లి వచ్చి కూర్చుంటామన్నారు. బీగంచెవి పాఠశాల యాజమాన్య కమిటీ అధ్యక్షురాలి దగ్గరే ఉంచండి, రోజూ సంతకం పెట్టి తీసుకుంటాము. కరెంటు బిల్లు మేమే కడతాము.

దాంతోపాటు ఇంకొక్క మాట. తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టళ్లు మంచి ఏర్పాటే. మా ఊళ్లో పోయిన సుగ్గిలో అది తెరిచేనాటికి సగం ఇళ్లు ఖాళీ అయిపోయాయి, హాస్టలులో కూర్చోబెట్టవలసిన పిల్లలు అప్పటికే కల్లాల్లో ఉన్నారు. మొదటి లారీ కన్నా ముందు హాస్టలు తెరుచుకోవాలి, అందులో పై తరగతుల వారికీ చోటుండాలి. అడ్వాన్సు తీసుకునే ఇల్లు వానాకాలంలోనే తెలిసిపోతుంది గనుక, ఏ ఊరి నుంచి ఎవరు పోబోతున్నారో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే పేర్లు రాసి ఇవ్వగలము.

మా ఊరి పేర్ల జాబితా ఈ సంవత్సరానికి రాయడం మొదలుపెట్టాము. పూర్తికాగానే ప్రధానోపాధ్యాయుడి ద్వారా మీ కార్యాలయానికి పంపుతాము.

ఇట్లు,
భవదీయుడు,
సంఘ కార్యదర్శి,
కోసిగి మండలం, కర్నూలు జిల్లా