రాని తుపానుకు వణికే మనసు

సంపాదకులు గారికి నమస్కారములు.

మనశ్శాంతిని గురించి మీ పత్రిక ఆదివారం పుటల్లో వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. ఆలోచనలను అదుపులో పెట్టుకుంటే ప్రశాంతత దానంతట అదే వస్తుందని వాటిలో చాలావరకు చెబుతాయి. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా ఊళ్లోనే కొబ్బరి తోట చూసుకుంటున్న నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. ఆలోచనలు మన అనుమతి కోసం ఆగవు. అయితే అవి ఎలా పుడుతున్నాయో, కంటికి కనిపించే దానితోనూ చెవికి వినిపించే దానితోనూ ఎలా కలిసిపోతున్నాయో తెలుసుకుంటే వాటి పట్టు సడలుతుంది. ఏటా తుపాను భయంతో అక్టోబరు నెల గడిపే మా ప్రాంతానికి ఈ సంగతి చాలా అవసరమని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు ఉందని, ఒక్కోసారి 165 కిలోమీటర్లకు చేరిందని వాతావరణ శాఖ లెక్క చెప్పింది. ఆ రాత్రి ఎలా గడిచిందో ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు కనుక నేను వర్ణించబోను. మా మామగారు తన చేతులతో నాటిన కొబ్బరి చెట్లలో సగానికి పైగా తెల్లారేసరికి నేలమీద ఉన్నాయని, మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందని మాత్రం చెబుతాను. ఆ నష్టం నిజం, ఆ దుఃఖమూ నిజం. దాన్ని మనసు కల్పించిందని ఎవరన్నా నేను ఒప్పుకోను. తుపాను వెళ్లిపోయిన తరువాత మాలో ఏం మిగిలిపోయిందన్నదే నేను చెప్పదలచిన విషయం.

ఆ మరుసటి వేసవిలో ఒక రాత్రి నాకు హఠాత్తుగా మెలకువ వచ్చింది. గుండె దడదడలాడుతోంది, అరచేతులు చెమటతో తడిసిపోయాయి, పెనుగాలి రేకులను ఎత్తి పడేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. టార్చిలైటు పట్టుకుని వాకిట్లోకి వచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలున్నాయి, కొబ్బరి మట్టలు కూడా పెద్దగా కదలడం లేదు. పక్కింటివారు జీడి పిక్కల కుప్ప మీద కప్పిన టార్పాలినుకు ఒక మూల తాడు తెగి, అది సముద్రపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. అంతే. భయపడినందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. ముందు టార్పాలిన్ చప్పుడు విని, ఆ తరువాత దాన్ని తుపానుగా ఊహించుకున్నానా అంటే అదీ లేదు. నా చెవికి మొదటి నుంచీ తుపానే వినిపించింది. వినికిడి ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో ఆ అతుకు నాకు ఎంత వెతికినా దొరకలేదు. ఉదయాన్నే ఈ సంగతి పక్కింటి పెద్దాయనకు చెబితే ఆయన తల ఊపి, "గాలేస్తే సాలు పంతులమ్మా, కాళ్లు సేతులు ఆడవు, ఏటి సేత్తాం" అన్నారు. మా వీధిలో ఆ భయం నా ఒక్కదానిదే కాదని అప్పుడు తెలిసింది.

దీనికి సంబంధించిన పాఠాన్ని నేను ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను, కాని నా జీవితానికి దాన్ని అన్వయించుకోవడం ఆ రోజు వరకు తోచలేదు. తెల్ల కాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడివైపున ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఒక నల్ల చుక్క పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెస్తే, దాదాపు ఒక అడుగు దూరంలో నల్ల చుక్క మాయమవుతుంది. దృక్ నాడి కంటి వెనుక నుంచి బయటికి వెళ్లే చోట కాంతిని గ్రహించే కణాలు ఉండవు. ఆ చోటునే అంధ బిందువు అంటారు. ఫ్రాన్సుకు చెందిన ఎద్మే మారియొత్ 1660వ దశకంలో దీన్ని కనుగొన్నాడు. చుక్క మాయమైనప్పుడు పిల్లలు కేరింతలు కొట్టేవారు. వాళ్లను నేను అడిగే ప్రశ్న మరొకటి: చుక్క పోయిన చోట ఇప్పుడు మీకు ఏం కనిపిస్తోంది? అక్కడ రంధ్రమో, నల్లటి మచ్చో కనిపించాలి కదా? కాని అందరికీ తెల్ల కాగితమే కనిపిస్తుంది. గీతల కాగితం మీద ప్రయోగం చేస్తే గీత తెగకుండా సాగిపోతున్నట్లు కనిపిస్తుంది. కన్ను పంపని సమాచారాన్ని చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి మెదడు పూరిస్తోంది, తాను పూరించిన భాగానికి ఏ గుర్తూ పెట్టకుండా మనకు అందిస్తోంది.

జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ ధోరణిని గుర్తించి, మనం చూడటమంటే మనకు తెలియకుండా జరిగే ఒక అనుమానం అని వివరించాడు. ఇక్కడ అనుమానం అన్న మాటను సందేహమనే అర్థంలో కాక, మన తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించడానికి వాడే అర్థంలో తీసుకోవాలి. ఇంద్రియాలు అందించే అరకొర ఆనవాళ్లను పాత అనుభవంతో కలిపి, బయట ఏముందో మెదడు నిర్ణయిస్తుంది. తిత్లీ రాత్రిని అనుభవించిన మెదడుకు చీకట్లో వినిపించే టపటప చప్పుడు ఖాళీ జాగా వంటిది. ఆ జాగాను అది తనకు బాగా తెలిసిన దానితోనే నింపింది.

ఆ నింపడం ఎంత బలమైనదో 2021 డిసెంబరు మొదటి వారంలో మా జిల్లా అంతా చూసింది. జవాద్ తుపాను ఉత్తరాంధ్ర తీరానికి దగ్గరగా వస్తోందని హెచ్చరికలు వచ్చాయి, తీర గ్రామాల వారిని పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆ జాగ్రత్త నూటికి నూరుపాళ్లు సరైనదే. చివరికి ఆ తుపాను సముద్రంలోనే బలహీనపడి ఒడిశా వైపు మళ్లిపోయింది. మా ఇంట్లో మాత్రం జవాద్ ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు తీరం దాటిందో లెక్కలేదు. నాటి మూడేళ్లయిన కొబ్బరి మొక్కలు పడిపోవడం, అప్పు మళ్లీ మొదలవడం, అబ్బాయి చదువు ఆగిపోవడం అన్నీ నేను ఒక్క కునుకు లేకుండా చూశాను. జరిగిన తుపానుకు ఏడ్చిన దానికంటే జరగని తుపానుకు నేను తక్కువేమీ ఏడవలేదు.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు చూడటానికి పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లినప్పుడల్లా నేను బుద్ధుడు చెప్పిన రెండు బాణాల ఉపమానం చెప్పేదాన్ని. బాణం తగిలిన మనిషికి శరీరంలో నొప్పి కలుగుతుంది. ఆ నొప్పికి కుమిలి వగచే మనిషి రెండో బాణం కూడా తగిలించుకున్నవాడవుతాడని అందులోని సారం. పాలి సూత్రాలలో ఉన్న ఈ ఉపమానానికి నా అనుభవం ఒక మెలిక చేర్చింది. జవాద్ విషయంలో మొదటి బాణం అసలు రానే లేదు, అయినా రెండోది తగిలింది. మన పెద్దలు చెప్పే తాడు, పాము ఉపమానం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. కాని అందులో దీపం తెచ్చి చూడగానే పాము మాయమవుతుంది, అందువల్ల నిజం తెలిస్తే భయం పోతుందన్న ఆశ మనలో నాటుకుపోయింది. నా అనుభవంలో భయం తాడు మీది పాములా ఉండదు, కాగితం మీది చుక్కలా ఉంటుంది. అంధ బిందువు గురించి ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పినా, ఇప్పుడు కాగితం పట్టుకుంటే నాకు కూడా చుక్క మాయమవుతూనే ఉంది. తెలిసినంత మాత్రాన మెదడు పూరించడం మానదు. అయితే ఆ తెల్లటి చోటును చూసి అక్కడ చుక్క లేదని నేను ఎవరితోనూ వాదించను. ప్రశాంతత అంటే నాకు దొరికినది ఇంతే, ఇదే చాలినంత.

అందుకే గాలి చప్పుడుకు మెలకువ వచ్చిన రాత్రి నేను భయాన్ని తోసేయడానికి ఇప్పుడు ప్రయత్నించను. ముందు నా చెవికి నిజంగా ఏం వినిపిస్తోందో, దానికి మనసు ఏం జోడిస్తోందో వేరు చేసి చూసుకుంటాను. చప్పుడు ఒకటి, కూలిన తోట మరొకటి. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుని, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కూర్చుంటే చాలామంది దీన్ని స్వయంగా గమనించవచ్చు. ఊపిరిని తీసుకున్న దానికంటే నిదానంగా వదులుతూ కాసేపు కూర్చుంటే శరీరం కుదుటపడుతుంది, ఆ తరువాతే మనసు మాట వింటుంది. ఆ రాత్రికి ఆ దడ తగ్గినా, కొంతకాలం తరువాత మరో రాత్రి మళ్లీ వస్తుంది. చప్పుడు వినగానే తిండి వస్తుందని నేర్చుకుని చొంగ కార్చే కుక్కల మీద రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ చేసిన ప్రయోగాలలో కూడా, ఆరిపోయిందనుకున్న ప్రతిస్పందన విరామం తరువాత తిరిగి తలెత్తడం ఆయన గమనించాడు. పాత పాఠం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుంది. కనుక మళ్లీ భయం వేసినప్పుడు తమ సాధన వృథా అయిందని ఎవరూ కుంగిపోవలసిన పనిలేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇంటింటా తెలిసిన శాస్త్రీయ పదం క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం. రక్త పరీక్ష కాగితంలో ఆ అంకె కొద్దిగా పెరిగితే చాలు, డయాలసిస్ గదిలో తమను తాము చూసుకుని అన్నం మానేసిన వారిని నేను ఎరుగుదును. అటువంటి వారికి, అంకె వేరు, దాని చుట్టూ మనసు అల్లుకున్న కథ వేరు అని తెలియడం మేలు చేస్తుంది. కాని అదే మాటను తిప్పి, "అంతా మనసులోనే ఉంది, ధైర్యంగా ఉంటే చాలు" అని రోగితో అనడం అన్యాయం. ఆ అంకెను వైద్యుడు చూడాలి, మందులు అందాలి, తాగడానికి మంచి నీరు రావాలి. ఇవేవీ మనోనిబ్బరంతో తీరేవి కావు. అలాగే వారాల తరబడి నిద్ర పట్టనివారు, బతుకు మీద ఆశ పోయినవారు ఒంటరిగా సాధనతో నెట్టుకురావాలని చూడకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చునని మా ఊళ్లో చాలామందికి ఇంకా తెలియదు.

ఇక మీ పత్రికకు నా మనవి. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 ఉంటే తుపాను, 89 నుంచి 117 ఉంటే తీవ్ర తుపాను, ఆపై 165 వరకు అతి తీవ్ర తుపాను. తిత్లీ ఈ చివరి కోవకు చెందినది. వార్తల్లో మాత్రం వాయుగుండానికీ, అతి తీవ్ర తుపానుకూ "ముంచుకొస్తున్న ముప్పు" అనే ఒకే శీర్షిక కనిపిస్తుంది. అంకె లేని ఆ శీర్షికను మా మనసులు తిత్లీతోనే నింపుకుంటాయి. ఇలా ప్రతి వాయుగుండానికీ వణికి అలసిపోయినవారు, నిజంగా పెద్ద తుపాను వచ్చిన నాడు ఇల్లు కదలడానికి నిరాకరించే ప్రమాదం కూడా ఉంది. శీర్షిక కిందనే అది ఏ స్థాయిలో ఉందో, అంచనా వేసిన గాలి వేగం ఎంతో, ఆ అంచనా ఏ రోజు ఏ గంటకు ఇచ్చినదో ఒక చిన్న పెట్టెలో వేస్తే, పక్కనే పోలికకు తిత్లీ వేగాన్ని కూడా ఇస్తే, చదివినవారు తమ ఇంటి రేకులకు తాడు బిగించుకోవాలో, పునరావాస కేంద్రానికి బయలుదేరాలో స్థిమితంగా నిర్ణయించుకోగలరు. ఈ అక్టోబరు రాకముందే శ్రీకాకుళం జిల్లా సంచికలోనైనా దీన్ని మొదలుపెట్టగలరని ఆశిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.