వచ్చే శుక్రవారం వద్దు

సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మలూ,

మీ బ్యాండు రెండో ఆల్బమ్‌కి ముందు విడిగా సింగిల్‌గా వేద్దామని నువ్వు పంపిన పాట విన్నాను. రెండుసార్లు హెడ్‌ఫోన్లలో, ఒకసారి కారులో, ఒకసారి అమ్మ ఫోన్ స్పీకర్లో. పాట బాగుంది. వచ్చే శుక్రవారం విడుదలంటూ పోస్టరు వేసేశారు చూడు, అది బాగాలేదు. అయిదు వారాలు వాయిదా వెయ్యండి. ఎందుకో కింద రాస్తున్నాను, మీ నలుగురూ కూర్చుని చదవండి.

ముందు రోజుల లెక్క. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి ఫైలు ఎక్కించగానే పాట స్పాటిఫైలో, యాపిల్ మ్యూజిక్‌లో ప్రత్యక్షం కాదు. వాళ్ల తనిఖీ ఉంటుంది. కవరు బొమ్మలోనో పేర్లలోనో తప్పు దొరికితే తిప్పి పంపిస్తారు, మళ్లీ మొదటికి. స్పాటిఫై ఎడిటర్లకు పాట పంపుకొనే వీలు మీ ఆర్టిస్టు ఖాతాలోనే ఉంది, కానీ అది ఇంకా విడుదల కాని పాటకే, అదీ ఒక్కసారికి ఒక్కటే. కనీసం 7 రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్‌లో, అంటే స్పాటిఫై వాళ్లకు ఇచ్చే కొత్త పాటల జాబితాలో, ఆ పాటే పడుతుంది. మొదటి ఆల్బమ్ విన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు, రెండో ఆల్బమ్ కబురు వాళ్లకు అందేది అలాగే. విడుదలయ్యాక పంపుదామంటే ఆ తలుపు మూసేసి ఉంటుంది.

ఇక పాట సంగతి. మొదట్లో నీ బేసు గిటారు, సన్నటి గిటారు మాత్రమే మోగే చోట వెనకాల ‘జుయ్’మని ఒక రొద ఉంది. మామూలు 50 హెర్ట్జ్ హమ్ అయితే గుండ్రంగా, లావుగా వినిపిస్తుంది. ఇది గరుకుగా ఉంది. గుంటూరులో డ్రమ్స్ అబ్బాయి ఇంట్లో కరెంటు పోయినప్పుడు తీసిన టేకేమో అడుగు. చవక ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్ల అంచులే సింగిల్ కాయిల్ పికప్‌లోకి (గిటారు తీగల కింద ఉండే, ఒకే చుట్ట ఉన్న అయస్కాంతం) దూరి రొద అవుతాయి. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ 2లోనో 3లోనో ఉన్నా ఇదే గొడవ. అందరూ వాయిస్తున్నప్పుడు కప్పడిపోతుంది గానీ, చివర్లో చేసే మాస్టరింగ్‌లో మోత ఎచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ ఖాళీ చోట్లను పైకి లేపినప్పుడు ఇదే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఫిల్టరు పెట్టి తీసేద్దామనుకోకండి. రొద 50, 100, 150 అంటూ వరసగా ఉంటుంది. బేసు ఖాళీ తీగలు ఈ 41, ఏ 55, డీ 73, జీ 98 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. ఆ రొదను కోస్తే బేసు కండ కూడా దాంతోపాటే పోతుంది. ఆ ట్రాకులు రెండూ మళ్లీ వాయించడమే దారి. ఇంటికి వచ్చెయ్యండి, అటక మీద పాత బొంతలు నాలుగున్నాయి, ఆంప్ వెనకా పక్కలా వేలాడదీద్దాం. (గుడ్ల అట్టలు అంటించకండి, వాటితో ఏమీ ఆగదు.) మెయిన్ కరెంటు మీదే తీయాలి, ఫ్యాను పూర్తిగా ఆపాలి. ఆంప్, ల్యాప్‌టాప్, గిటారును ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ మూడూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డుకి పెట్టాలి. రెండు బోర్డులకు పెడితే ఎర్త్ లూప్ ఏర్పడి మళ్లీ హమ్. దాన్ని వదిలించుకోవడానికి ఎర్త్ పిన్ను తీసేసే తెలివి మాత్రం ఎవరికీ వద్దు, షాక్ కొట్టేది తీగ పట్టుకున్నవాళ్లకే. నీ జాజ్ బేస్‌కి రెండు వాల్యూమ్ నాబ్‌లూ సమానంగా తెరిచి ఉంచు. ఆ రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురు చుట్టు కాబట్టి హమ్ కొట్టుకుపోతుంది. ఒకటి తగ్గించావంటే తిరిగొస్తుంది.

అమ్మ ఫోన్లో నీ బేసు లేనేలేదు. అంత చిన్న స్పీకరు 41 హెర్ట్జ్ పలకలేదు. మీ పాటకు బేసే రాగం మోస్తోంది కాబట్టి అది వినపడకపోతే మిగిలేది గిటారు గీతలే. ఇంగ్లండ్ బ్యాండు జాయ్ డివిజన్‌లో బేసు వాయించిన పీటర్ హుక్ పై తీగల మీద రాగం వాయించడం మొదలుపెట్టింది కూడా గిటారు ఆంప్ హోరులో తన బేసు తనకు వినపడకే. నువ్వు స్వరాలు మార్చనక్కర్లేదు. బేసు ట్రాకుకి ఒక నకలు తీసి, దానికి 250 హెర్ట్జ్ కింద అంతా కోసి, కొంచెం డిస్టార్షన్ ఇచ్చి, అసలు ట్రాకు కింద దాచినట్టు కలపండి. విడిగా వింటే రేకు గోకినట్టుంటుంది, ఫర్వాలేదు.

గొంతు మీద వేసిన పొడుగాటి డిలే, అదే మాట తిరిగొచ్చే ప్రతిధ్వని, తగ్గించండి. ఇంగ్లీషు పాటలో మాట చాలాసార్లు హల్లుతో ఠక్కున తెగుతుంది, వెనకాల ప్రతిధ్వనికి చోటుంటుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. నువ్వు ‘వంతెనా’ అని సాగదీస్తే ఆ ‘ఆ’ మూడుసార్లు తిరిగొచ్చి తర్వాతి మాట మొదటి అక్షరాన్ని మింగేస్తోంది. ఒత్తులైతే సరేసరి. 100 మిల్లీసెకన్ల చిన్న డిలే ఉంచి, పొడుగుది పాదం చివర ఊపిరి తీసుకునే చోట మాత్రమే తెరవండి.

గొంతు వచ్చేసరికి 38 సెకన్లయింది. అందులో 27 సెకన్లు బెజవాడ స్టేషన్లో రికార్డు చేసిన ‘దయచేసి వినండి’. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్, గొంతు రాకముందే వెళ్లిపోయినవాళ్లు లెక్కకు రాకపోవచ్చు. 12 నెలల్లో 1000 స్ట్రీములు దాటని పాటకు 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ లేదు. అయినా ఆ ప్రకటన ఎంత నచ్చినా అది వేరేవాళ్ల గొంతు, హక్కుల సంగతి అడిగితే చూపించడానికి మీ దగ్గర కాగితం లేదు. మీలో ఒకరు చదవండి. 400 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఉంచి మిగతాది కోసేసి, కాస్త వక్రీకరిస్తే అచ్చం హారన్ స్పీకరే.

కానీ దాన్ని సింగిల్‌లో కోసి ఆల్బమ్‌లో ఉంచుదామంటే ఒక చిక్కుంది. రెండు రూపాలంటే రెండు రికార్డింగులు, రెండు ఐఎస్ఆర్‌సీ నంబర్లు (ప్రతి రికార్డింగుకీ ఇచ్చే గుర్తింపు నంబరు). అప్పుడు సింగిల్‌కి వచ్చిన స్ట్రీములు ఆల్బమ్ పాటకు కలవవు. అదే ఫైలు, అదే 12 అక్షరాల నంబరు అయితేనే కలుస్తాయి. అందుకని ప్రకటనను ఆల్బమ్‌లో ఆ పాటకు ముందు విడి ట్రాకుగా పెట్టెయ్యండి. వరసగా వినేవాళ్లకు మీరనుకున్నట్టే వస్తుంది, పాట ఫైలు మారదు.

సింగిల్ ఆల్బమ్‌లో ఉండాలా అని మీలో మీకు తగువట కదా. రెండు దారులూ ఉన్నాయి. జాయ్ డివిజన్ 1980 జూన్‌లో ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’ సింగిల్ వేసి, తర్వాతి నెల వచ్చిన రెండో ఆల్బమ్ ‘క్లోజర్’లో దాన్ని పెట్టలేదు. పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే ఇంకో బ్యాండు వాళ్లు 1979లో ‘డెత్ డిస్కో’ను సింగిల్‌గా వేసి, అదే ఏడాది ‘మెటల్ బాక్స్’ ఆల్బమ్‌లో వేరే మిక్స్‌తో ‘స్వాన్ లేక్’ అని పేరు మార్చారు. అది దుకాణంలో రికార్డు కొనుక్కునే కాలం, సింగిల్‌కి దాని అమ్మకం దానిదే. మీకున్నవి తొమ్మిది పాటలు. ఆల్బమ్‌లో ఉంచండి. రెండో సింగిల్ వేసినప్పుడు ఈ పాటనూ అదే నంబరుతో దాని వెనక చేర్చండి, చివరకు ఆల్బమ్‌లో అన్నీ.

మాస్టరు 24 బిట్ వేవ్ ఫైలు, పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా. మోత పెంచమని డ్రమ్స్ అబ్బాయి అడుగుతాడు, వినకండి. స్పాటిఫై ఎలాగూ మోతను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (మోతను కొలిచే ప్రమాణం) దించుతుంది, నలిగిన స్నేర్ డ్రమ్ మాత్రం నలిగే ఉంటుంది.

కవరు 3000 పిక్సెళ్ల చదరం. ప్రకాశం బ్యారేజీ ఫొటో గొప్పగా ఉంది కానీ ఫోన్లో అది గోరంత కనిపిస్తుంది, గేట్లన్నీ దువ్వెన పళ్లయిపోతాయి. ఒక్క గేటు మీదకు కత్తిరించండి. మీ పేరులో ‘ర’ కింద ఒత్తు విడిపోయి పక్కకొచ్చింది, డిజైన్ చేసినవాళ్లకు చెప్పి సరిచేయించు. మీ పేరుతోనే ఇంకో బ్యాండు ఉంది కాబట్టి ఎక్కించేటప్పుడు మీ స్పాటిఫై పేజీ లింకు ఇవ్వడం మరిచిపోతే పాట వాళ్ల గుమ్మంలో పడుతుంది.

ఎవరి వాటా ఎంతో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టండి, మొత్తం 100 రావాలి. సాహిత్యం నీది, బాణీ అందరిదీ. పాటల రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సొసైటీలో ఎవరికి వాళ్లు సభ్యులుగా చేరి, పాటను ఆ వాటాలతోనే నమోదు చెయ్యాలి. రేపు ఏ కంపెనీ అయినా హక్కులన్నీ రాసిచ్చెయ్యమంటే తొందరపడకండి. కాపీరైట్ చట్టం 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ సగం రాయల్టీని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ వదులుకోలేరు. సంతకం పెట్టినా చెల్లదు.

పోస్టరు తీసెయ్యక్కర్లేదు, తేదీ మీద నెల పేరు అతికించండి. శనివారం పొద్దున దిగితే రాత్రి పదకొండు తర్వాత, వీధి సద్దుమణిగాక మొదలుపెట్టొచ్చు. నీ బేసుకి 45–105 మందం రౌండ్‌వౌండ్ తీగలు కొత్త సెట్టు తెచ్చుకో. శుక్రవారమే ఎక్కించి బాగా లాగి ఉంచు, లేకపోతే రాత్రంతా శ్రుతి చేసుకోవడంతోనే తెల్లారుతుంది.

ఆశీస్సులతో,
నాన్న