తుంగభద్ర నీళ్ల లెక్క ముందు తేల్చండి, కొత్త ప్రాజెక్టులు తర్వాత

సంపాదకులు గారికి నమస్కారం.

తుంగభద్ర మీద మళ్లీ ప్రాజెక్టుల మాటలు జోరుగా నడుస్తున్నాయి. పైన కర్ణాటకలో అప్పర్ భద్ర, నవలి జలాశయం. ఇటు మన ఆంధ్ర వైపు గుండ్రేవుల, వేదవతి, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కుడి కాలువ, అనంతపురం వాళ్లు అడిగే హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) సమాంతర కాలువ. ఎవరి అవసరం వాళ్లది, కరువు నేలలో నీళ్లడగడం తప్పని నేననను. నా బాధల్లా ఒకటే. వీటన్నిటికీ నీళ్లు రావాల్సింది ఒక్క నది నుంచే, ఆ నదికి వచ్చే పాతిక ముప్పై ఏళ్లలో ఎంత నీరు దక్కుతుంది, అందులో ఎంత నిలవ చేయగలం, ఎవరి పొలానికి ఏ నెలలో ఎంత చేరుతుంది అని పరీవాహకం మొత్తాన్నీ కలిపి చూసిన ప్రణాళిక మాత్రం ఎక్కడా కనిపించదు. తుంగభద్ర (టీబీ) బోర్డు ఏటా ఆ సీజన్‌కి అంచనా వేసి పంచుతుంది, అంతవరకే.

అసలు లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్తాను. 1953లో తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు నిలవ సామర్థ్యం 133 టీఎంసీలు. 2016 సర్వేలో తేలింది 105.78. అంటే 27 టీఎంసీల చోటు పూడిక తినేసింది. మా ఎల్లెల్సీకి (తుంగభద్ర దిగువ కాలువకి) రాసిచ్చిన వాటా మొత్తం 24 టీఎంసీలు. ఒక కాలువ వాటా కంటే ఎక్కువ చోటు మట్టి కింద పోయింది, అయినా వాటాల కాగితం మాత్రం పాతదే. కర్ణాటకకి 138.99, మన హెచ్చెల్సీకి 32.5, ఎల్లెల్సీకి 24, కేసీ (కర్నూలు-కడప) కాలువకి 10, తెలంగాణకి వెళ్లే ఆర్డీఎస్‌కి 6.51, మొత్తం 212 టీఎంసీలు.

105 టీఎంసీల డ్యామ్ నుంచి 212 ఎలా ఇస్తారని చాలామంది అడుగుతారు. వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు దాకా ఒకవైపు డ్యామ్ నిండుతుంటే ఇంకోవైపు కాలువలు పారుతుంటాయి, కాబట్టి కాగితం మీద కుదురుతుంది. కానీ వరద తగ్గాక డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మనల్ని కాపాడేది నిలవ ఉన్న నీరే, పూడిక దెబ్బ కొట్టేదీ సరిగ్గా అక్కడే. మంచి వానలు పడ్డ ఏడాదిలో వందల టీఎంసీలు గేట్ల మీదుగా దిగువకి పోతాయి, శ్రీశైలం దాకా వెళ్తాయి, అదే ఏడాది ఫిబ్రవరికి మా కాలువలో నీళ్లుండవు. ఇక 2016, 2023 లాంటి ఏళ్లలో డ్యామే నిండలేదు. అప్పుడు అందరికీ వాటాలో కోత పడుతుంది, ఆ కోత సమంగా పడిందనే అంటారు, కానీ చివరి భూములకి వచ్చేసరికి అది కోత కాదు, సున్నా.

ఎందుకు సున్నా అవుతుందో మా డిస్ట్రిబ్యూటరీ గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. ఎల్లెల్సీలో మొదటి 250 కిలోమీటర్లు బోర్డు చేతిలో ఉంటాయి, ఆ తర్వాతే మన ఇరిగేషన్ వాళ్లది. ఆ దారి పొడవునా గట్టు మీదుగా వేసిన మోటార్ల పైపులు, తూము పక్కన ఇంకో దొంగ తూము. ఈ కాలువ కింద ఎక్కువ భూమిని ఆరుతడి పంటలకని స్థిరీకరించారు, పై భాగంలో మాత్రం వరి కళకళలాడుతుంటుంది. మా దగ్గర లైనింగ్ పలకలు ఊడిపోయి అడుగున సర్కారు తుమ్మ మొలిచింది. నీటి మట్టం చూసే కొలబద్ద మీద అంకెలు చెరిగిపోయాయి, కాలువ చూసుకునే లస్కర్ కంటితో చూసి ఇంత ఉందని ఒక అంకె చెప్తాడు, పై ఆఫీసులో అదే రాసుకుంటారు. ఆ అంకె మీద ఆధారపడి రేపు ఏ ట్రిబ్యునల్ ముందు ఏం వాదిస్తారు?

నీళ్లు రావని తేలే నాటికి మా పత్తి పూత మీద ఉంటుంది, లేదంటే ఉల్లి గడ్డ ఊరే వేళవుతుంది. పంట ఎండాక ఊళ్లో ఇళ్లకి తాళాలు పడతాయి. పిల్లల్ని బడి మాన్పించి మరీ గుంటూరు వైపు మిరప కోతలకి సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఎమ్మిగనూరు, కోడుమూరు, ఆదోని పల్లెల్లో ఇది ఏటా చూసేదే. కాలువ కింద లక్షన్నర ఎకరాల ఆయకట్టు అని రికార్డులో ఉన్న ప్రాంతంలో జనం సుగ్గికి ఎందుకు పోతున్నారో ఏ ప్రాజెక్టు నివేదికా అడగదు. అటు అలంపూర్ వైపు ఆర్డీఎస్ కింద 87,500 ఎకరాలు రాసుకున్నారు, అక్కడి చివరి రైతులదీ ఇదే గోస. దీన్ని ఆంధ్రా, తెలంగాణ తగాదాగా చూపించేవాళ్లు ఒక్కసారి రెండు కాలువల చివరలకీ వచ్చి చూడాలి.

పూడిక తీసేయొచ్చు కదా అంటారు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 27 టీఎంసీలకి 76 కోట్లు దాటుతుంది. టిప్పరుకి పది ఘనపు మీటర్లు వేసుకున్నా ఏడున్నర కోట్ల ట్రిప్పులు. ఆ మట్టి పొయ్యడానికి చోటెక్కడ? కాబట్టి చేయగలిగింది ఇకమీదట వచ్చే మట్టిని తగ్గించడం. డ్యామ్ ఎగువన 28 వేల చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉంది, శివమొగ్గ అడవుల నుంచి వరద నది పొలాల దాకా. డ్యామ్ పక్కనే సండూరు ఇనుప గనుల కొండలు. అక్కడ చెట్టు నిలబెట్టడం, వాగుల మీద అడ్డుకట్టలు, గనుల మట్టి నదిలోకి జారకుండా చూడటం కూడా సాగునీటి పనే. ఆ పనికయ్యే ఖర్చులో మన రాష్ట్రం కూడా వాటా పెట్టాలంటాను, ఎందుకంటే అక్కడ ఆగిన మట్టి వల్ల ఇక్కడ మనకి నీళ్లు మిగులుతాయి. అది కర్ణాటక పని మాకేం సంబంధం అనుకున్నంత కాలం పూడిక పెరుగుతూనే ఉంటుంది.

గేట్ల సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 10 రాత్రి చెయిన్ తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. నిండిన డ్యామ్‌లోంచి పదుల టీఎంసీలు వదిలేయాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (గేటు చోట అడ్డుపెట్టే ఉక్కు పలకలు) దింపి వారం రోజుల్లో దాన్ని ఆపింది. వాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ 33 గేట్లు డెబ్బై ఏళ్లుగా పనిచేస్తున్నాయని ముందే తెలుసు కదా, మార్చాలనే ఆలోచన ఒకటి కొట్టుకుపోయాకే ఎందుకు వచ్చింది? 2025లో గేట్ల భయంతో డ్యామ్‌ని 80 టీఎంసీల దగ్గరే ఆపాల్సి వచ్చింది. ఏ కొత్త ప్రాజెక్టు డీపీఆర్‌లోనైనా (సమగ్ర నివేదికలోనైనా) పాత డ్యామ్ గేట్లకి, కాలువ లైనింగ్‌కి వచ్చే ముప్పై ఏళ్లకి ఇంత డబ్బు అని ముందే పక్కన పెట్టిన పద్దు ఉందా?

ఇలా కలిపి ఆలోచించాలని ఎవరూ చెప్పలేదా అంటే, ఎప్పుడో చెప్పారు. 1956లోనే నదీ బోర్డుల చట్టం వచ్చింది, దాని కింద ఒక్క బోర్డూ ఏర్పడలేదు. కృష్ణా నీళ్లని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1973 తీర్పులో స్కీమ్ ‘బి’ కింద కృష్ణా లోయకి ఒక అథారిటీ ఉండాలంది, రాష్ట్రాలు ఒప్పుకోక వాటాలు పంచే స్కీమ్ ‘ఎ’ ఒక్కటే అమలైంది. అప్పటి నుంచి మన నాయకులంతా వాటా గురించే మాట్లాడుతున్నారు, ఆ వాటా పొలానికి చేరే సంగతి ఎవరికీ పట్టలేదు. తుంగభద్రకైతే కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే బోర్డు 1953 నుంచీ ఉంది. కొత్తగా ఏదీ పుట్టించక్కర్లేదు, ఆ బోర్డుకే ఈ పని అప్పజెప్పవచ్చు.

మేం అడిగేది పెద్దదేం కాదు. కాలువ మీద ప్రతి రాష్ట్ర సరిహద్దులో, ప్రతి డిస్ట్రిబ్యూటరీ తల దగ్గర ఆటోమేటిక్‌గా కొలిచే పరికరం పెట్టి ఆ అంకెల్ని రోజూ అందరికీ కనపడేలా ఉంచండి. పదేళ్లకోసారి పూడిక సర్వే చేసి, ఆ సామర్థ్యం ప్రకారమే ఏ కాలువకి ఏ పంట, ఎన్ని ఎకరాలు అని తిరగరాయండి. ఆ రాత పూర్తయ్యాకే కొత్త ప్రాజెక్టుకి నీళ్లు ఎక్కడివో చెప్పండి. అన్నిటికంటే ముందు, సాగునీటి సలహా మండలి సమావేశం పెట్టి ఈ ఏడు చివరి భూములకి నీళ్లు వస్తాయా రావా అన్నది జూన్‌లో మేం విత్తనం కొనకముందే చెప్పండి. రావని ముందే తెలిస్తే జొన్నో కందో వేసుకుంటాం, ఎరువుల అప్పయినా తప్పుతుంది.

– ఓ చివరి ఆయకట్టు రైతు,
కోడుమూరు ప్రాంతం, కర్నూలు జిల్లా