రెస్ట్ చుట్టూ పెన్సిల్ గీత

విజయనగరం,
ఆదివారం

చిన్నీ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది రాత్రంతా బుర్రలో తిరిగింది. నీ క్లాసులో పన్నెండుమంది పిల్లలు కలిసి ఫిడేలు వాయిస్తుంటే ఒకడు మధ్యలో అపస్వరం పలికిస్తాడు, ఎవర్రా అంటే ఒప్పుకోడు, వాడెవడో నీకు తెలుసు. వాణ్ణి క్లాసులోంచి తీసేస్తానన్నావు. అమ్మ పక్కనే ఉండటంతో నేనేం మాట్లాడలేకపోయాను. ఇప్పుడు రాయబోయే సంగతి దానికి కూడా తెలీదు.

1979. మద్రాసు వెళ్ళి ఏడాది కాలేదు. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదివానన్న పొగరు నిండుగా ఉండేది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో ఫిడేలు పాఠం చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాలైన చోటు అది. ఆయన పోయింది 1964లో, నేను చూడలేదు. అయినా ఆయన నాకేదో తాతగారైనట్టు చెప్పుకునేవాణ్ణి. పక్కవాద్యమైన ఫిడేలును కచేరీ మధ్యలో కూర్చోబెట్టిన మనిషాయన. నాకు దొరికిందేమో సినిమా ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్స్, ఆఖరి వరస.

నేల మీద కూర్చుని, ఫిడేలు తల కుడి పాదానికి ఆనించి వాయించడం నాకొచ్చిన విద్య. అక్కడ కుర్చీ, గడ్డం కింద ఫిడేలు. మనం స-ప-స-ప శ్రుతి చేసుకుంటాం, వాళ్ళది జి-డి-ఎ-ఇ. స్టాఫ్ నొటేషన్, అదే గీతల మీద స్వరాలు రాసే వాళ్ళ పద్ధతి, రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. అది ఫరవాలేదు కానీ, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మానడం ఉంది చూడూ, ప్రాణం పోయేది. గాంధారం వచ్చిందంటే వేలు దానంతటదే ఊగేది. పక్క కుర్చీలో పెద్దాయన మెల్లగా "గమకాన్ని చెప్పులతోపాటు బయట విడిచి రావయ్యా" అనేవారు.

ఆరోజు పొద్దున్న కాల్షీటు. అప్పట్లో గాయకుడూ, మేమూ అందరం కలిసి ఒకే టేక్‌లో పాట అయిపోవాలి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటినుంచే. పాట చివరికొచ్చింది. అక్కడ కాగితంలో ఒక్క బార్ రెస్ట్, అంటే ఆ కాసేపూ అందరూ ఆగాలి, గొంతొక్కటే వినబడాలి. ఆ నిశ్శబ్దంలో నా కమాను 'కీచ్'మంది.

"ఎవరది?"

నేను కాగితంలోకి చూస్తూ కూర్చున్నాను. చెమటకి కమాను జారిపోతోంది. పక్క పెద్దాయన కూడా తన కాగితంలోకే చూస్తున్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఇంకో టేక్ తీశారు, ఆ గాయకుడు మళ్ళీ అంత పాటా పాడాడు.

టీ దగ్గర పెద్దాయన తిడతారనుకున్నాను. జేబులోంచి పొట్టి పెన్సిల్ తీసి "ఆ రెస్ట్ చుట్టూ సున్నా చుట్టుకో, కంటికి ముందే తగులుతుంది" అన్నారు. అంతే. అదెవరి తప్పో ఆయన ఆరోజూ అనలేదు, తర్వాత పదేళ్ళు పక్కపక్కనే కూర్చున్నా అనలేదు. కీబోర్డులొచ్చి మా వరసలు పల్చబడ్డాక, నేను ఊరొచ్చి పిల్లలకి సరళీ వరసలు చెప్పుకుంటున్నప్పుడు కూడా, ఎవడి చేతిలోనైనా కమాను కీచుమంటే నాకు ముందు ఆయన టీగ్లాసే గుర్తొచ్చేది.

ఆ పిల్లాడు తప్పు వాయించే చోటు రోజూ ఒకటేనా? అయితే వాడి చెయ్యి చూడు. నువ్వు చిన్నప్పుడు మూడో వేలు తీగ మీద పెట్టకుండా గాల్లో ఉంచి, చెవిలో వినపడితే దించేదానివి. ఆలోగా పాట వెళ్ళిపోయేది. వాడి ఫిడేలు వాడి చేతికి పెద్దదేమో కూడా చూసుకో.

నీ పాత హాఫ్ సైజు ఫిడేలు అటక మీంచి దింపాను. కమానుకి కొత్త వెంట్రుకలు కట్టించాను. మంగళవారం బస్సు పార్సిల్లో వేస్తాను. తీగలు కొంచెమే వదులు చేశాను. పూర్తిగా వదిలితే లోపలి పుల్ల పడిపోతుంది. నువ్వు బిరడాలు ఒక్కసారే తిప్పెయ్యకు, బ్రిడ్జి ఒరగకుండా వేలితో పట్టుకుని నెమ్మదిగా ఎక్కించు. కమానుకి రాసే రోజిన్ కొత్త బిళ్ళ పెట్టెలోనే ఉంది. దాని పక్కన రెండు పెన్సిళ్ళున్నాయి, చెక్కే ఉన్నాయి.

ఇట్లు
నాన్న