అమ్మలూ, ముందు ఆ బెల్టు సంగతి చూడు

విజయవాడ

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. బండి తెల్లగా, ఏనుగులా ఉంది. మన వాకిట్లో పెడితే తులసికోట చుట్టూ తిరగడానికి చోటుండదంది అమ్మ. ముప్ఫై ఏళ్లు ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పినవాడి కూతురివి కదా, కొనేముందు ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది అనిపించింది. సరే, ఆ మాట ఇక్కడితో వదిలేస్తున్నా. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో అమ్మ లాక్కుంటుంది, లేదా నీకు మీటింగ్ మొదలవుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

నువ్వు కొన్న లెక్సస్ జీఎక్స్ 470 మంచి బండే. అందులోది 4.7 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్. లెక్సస్ టొయోటా వాళ్లదే కదా, వాళ్లు దీన్ని 2యూజెడ్ అని పిలుస్తారు. వాళ్ల ల్యాండ్ క్రూజర్‌లోనూ, టండ్రా అనే పికప్ ట్రక్కులోనూ పెట్టింది ఇదే. బ్లాకు పోత ఇనుము. పెట్రోలు కుండలతో తాగుతుంది గానీ లోపలి ఇనుము అంత తేలిగ్గా అరగదు. మీ అమెరికాలోనే, లూసియానాలో ఒకాయన 2007 టండ్రాని ఇదే ఇంజన్‌తో 10 లక్షల మైళ్లు తిప్పాడని అల్లుడుగారు చెప్పింది నిజమే. ఆయన సర్వీసు ఏనాడూ మానలేదన్న సంగతి మాత్రం అల్లుడుగారు చెప్పలేదు.

నీ బండి కూడా 2007దే, 1,32,000 మైళ్లు తిరిగింది. కాగితాలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివాను. మొదటి ఓనరు 78 వేల మైళ్ల దాకా పద్ధతిగా ఆయిల్ మార్పించాడు. తర్వాత రెండో ఆయన చేతికొచ్చింది. అక్కణ్ణుంచి టైర్లు, బ్యాటరీ, ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్, అంతే. 90 వేల మైళ్ల దగ్గర టైమింగ్ బెల్టు మార్చి ఉండాలి. ఆ ఊసు ఎక్కడా లేదు.

ఈ ఇంజన్‌కి చైను ఉండదు, పళ్ల బెల్టు ఉంటుంది. పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వులు దారి తప్పుకోవాలి, ఆ తాళం తప్పకుండా చూసేది ఆ బెల్టే. నీ బండి మోడల్లో అది తెగిందంటే తెరుచుకుని ఉన్న వాల్వులు అక్కడే ఆగిపోతాయి, పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఇక హెడ్లు, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగాలు, రెండూ దించాల్సిందే. ఇంజన్ ఎంత గట్టిదైనా అప్పుడు పనికిరాదు.

అమ్మినాయన "ఎప్పుడో మార్పించే ఉంటారు, చూడ్డానికి బాగానే ఉంది" అన్నాడని రాశావు. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను.

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఒకాయన పిల్లాజెల్లాతో తిరుపతి బయల్దేరుతూ డీజిల్ కారు షెడ్డుకి తెచ్చాడు. బెల్టు కవరు విప్పి టార్చి వేసి చూశా. పగుళ్లు లేవు, పళ్లు నిండుగా ఉన్నాయి. వేలితో నొక్కితే బిగువుగానే ఉంది. "వచ్చాక మారుద్దాం, వెళ్లిరండి" అన్నాను. ఒంగోలు దాటాక తెగింది. రాత్రి పదకొండింటికి రోడ్డు పక్కన ఆడవాళ్లు, పసిపిల్లలు. మర్నాడు లారీకి కట్టి లాక్కొచ్చారు. హెడ్డు దించితే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయి ఉన్నాయి. వాల్వుల ఖర్చు, లేత్ పని అన్నీ నేనే పెట్టుకున్నా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు కూడా. షెడ్డులో మేకుకి వేలాడేది, పాము పాము అని నువ్వు తమ్ముణ్ణి ఏడిపించేదానివే, ఆ నల్ల బెల్టు ముక్క అదే. దాన్ని కోసి చూశాను. పైన రబ్బరు కొత్తదానిలా ఉంది, లోపలి దారాలు మాత్రం పీచు పీచు అయిపోయాయి. టార్చికి అవి కనపడవు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. లెక్సస్ డీలర్‌కి విఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు ఇచ్చి, వాళ్ల దగ్గర ఈ బండికి జరిగిన పనులేమిటో అడుగు. బెల్టు మార్చినట్టు రాసి లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టొక్కటే వేయించకు. నీళ్ల పంపు, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలు కలిపి వేయించు. ఆ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే. ఆర్నెల్లకి పంపు బేరింగ్ పోతే కొత్త బెల్టు దాంతోపాటే పోతుంది, విప్పినదంతా మళ్లీ విప్పాలి. టొయోటాకి సరఫరా చేసే ఐసిన్ వాళ్ల కిట్టు దొరుకుతుంది. సగం ధరకి వచ్చేవాటి జోలికి వెళ్లకు. షోరూంకే వెళ్లాలని ఏం లేదు, టొయోటా పని చేతికి అలవాటైన మెకానిక్ ఉంటే చాలు. అది అయ్యేదాకా ఆఫీసుకి అల్లుడుగారి కారులో వెళ్లు. కొలరాడో కొండల ప్రయాణం తర్వాత.

వీడియోలో ఇంకోటి వినపడింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కుడివైపు టిక్ టిక్ మంటోంది, ఇంజన్ వేడెక్కాక ఆగిపోయింది. అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజన్ పొగని బయటికి పంపే గొట్టాల్లో, పగులు అయి ఉంటుంది, ఈ ఇంజన్లకి ఉన్నదే. వేడికి లోహం సాగి పగులు మూసుకుంటుంది, సౌండు పోతుంది. ఎవరైనా హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందు సరిచేసేవి) పోయాయి, మార్చాలి అంటే నవ్వి వచ్చేయ్. ఇందులో హైడ్రాలిక్ లిఫ్టర్లే లేవు. దీనికి తొందర లేదు.

రేడియేటర్‌ది మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. గేర్‌బాక్సు ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం ఆ రేడియేటర్‌లోపలే ఉంటుంది. పాతబడి లోపల చిల్లు పడితే నీళ్లూ ఆయిలూ కలిసిపోయి స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా అవుతాయి. నష్టం రేడియేటర్‌తో ఆగదు, గేర్‌బాక్సు కూడా పోతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి చూడు. కూలెంట్ పారదర్శకంగా గులాబీ రంగులో ఉంటే మంచిదే. పాలు కలిపినట్టుంటే బండి కదపకు, నాకు ఫోటో పెట్టు. బెల్టు పనికి కూలెంట్ ఎలాగూ వంపాలి కాబట్టి, రేడియేటర్ పాతదే అయితే అప్పుడే కొత్తది వేసేయమను.

ఇంజన్ ఆయిల్ 5 వేల మైళ్లకోసారి మార్పించు, 5డబ్ల్యూ-30 అనే చిక్కదనం ఉన్నది. ఇది కాక నెలకోసారి నువ్వే డిప్‌స్టిక్, అదే ఆయిల్ కొలిచే కడ్డీ, తీసి చూసుకో. బండి చదునైన చోట ఆపి, పది నిమిషాలు ఆగి, వంటింటి టిష్యూ మీద తుడిచి మళ్లీ ముంచు. చిన్నప్పుడు షెడ్డులో నా పక్కన నిలబడి ఎన్నిసార్లు చేశావో, ఆ నూనె చేతులతోనే గౌనంతా తుడుచుకునేదానివి. అమ్మకి ఆ కోపం ఇంకా పోలేదు.

డబ్బులకి ఇబ్బంది అయితే చెప్పు, మొహమాటపడకు. బెల్టు మార్చాక ఆ రోజు తేదీ, మైళ్లు తెల్ల మార్కర్‌తో బెల్టు కవరు మీద రాయమను. తీసిన పాత బెల్టు వాళ్లు చెత్తబుట్టలో వేస్తారు, అడిగి తీసుకుని ఉంచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకురా. కోసి చూడాలి.

మీ నాన్న