ఒక నిమిషం వీడియో, అయిదు వేల కిలోమీటర్ల నడక

సంపాదకులకు నమస్కారం.

విడిపోయిన ప్రేమికులకు జీవితం ఇచ్చే రెండో అవకాశం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, 2010లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో మెరీనా అబ్రమోవిచ్ ఎదుట ఆమె ఒకప్పటి ప్రియుడు ఉలై వచ్చి కూర్చున్న వీడియోతో మొదలై దానితోనే ముగిసింది. తమ శరీరాలతోనే ప్రదర్శనలు ఇచ్చిన కళాకారులు వీళ్లు. ఆ మ్యూజియం ప్రదర్శనలో మెరీనా బల్ల ముందు మౌనంగా కూర్చుంటే, సందర్శకులు ఒక్కొక్కరే వచ్చి ఎదుట కూర్చునేవారు. ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరూ అక్కడే మొదటిసారి ఎదురుపడ్డారని, ఆ కన్నీళ్లతో పాత గాయాలన్నీ మానిపోయాయని రాశారు. వాట్సాప్‌లో తిరిగే కథ కూడా ఇదే. కానీ ఆ ప్రదర్శన ప్రారంభమైన రోజు ఉదయమే వాళ్లిద్దరూ కలిసి మాట్లాడుకున్నారు. అయిదేళ్ల తర్వాత కోర్టుకూ ఎక్కారు. అసలు కథ 1988లో చైనా గోడ మీద ఉంది, దానికి వ్యాసంలో ఒక్క వాక్యమే దక్కింది.

బెల్‌గ్రేడ్‌లో పుట్టిన మెరీనా, జర్మనీలో పుట్టిన ఉలై 1970ల మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిశారు. ఇద్దరి పుట్టినరోజూ నవంబరు 30. ఒక పాత వ్యానులో కాపురం ఉంటూ యూరప్ అంతా తిరిగి ప్రదర్శనలు ఇచ్చారు. 1977లో ఇద్దరి జుట్టూ కలిపి ముడివేసుకుని, వీపులు ఆనించుకుని పదిహేడు గంటలు కూర్చున్నారు. 1980లో మెరీనా విల్లు పట్టుకోగా, ఆమె గుండెకు గురిపెట్టిన బాణాన్ని ఉలై నారితో సహా లాగి పట్టుకుని నాలుగు నిమిషాలకు పైగా నిలబడ్డాడు. చేయి జారితే ప్రాణం పోతుందని తెలిసి కూడా అంతగా నమ్మిన ఇద్దరి మధ్య ఆ నమ్మకం ఎలా సడలిందన్నదే ఈ కథలో నన్ను ఎక్కువగా కలచివేసే విషయం.

చైనా గోడకు చెరో కొస నుంచి బయలుదేరి, నడుమ ఎక్కడ కలుస్తామో అక్కడ పెళ్లి చేసుకోవాలన్నది వాళ్లు మొదట అనుకున్న మాట. చైనా ప్రభుత్వ అనుమతి కోసం ఏళ్లు ఎదురుచూశారు, అది చేతికి వచ్చేసరికి బంధం చెడిపోయింది. అయినా నడక మానలేదు. 1988 మార్చి 30న బోహాయ్ సముద్రపు ఒడ్డున ఉన్న షాన్‌హాయ్‌గ్వాన్ నుంచి మెరీనా, గోబీ ఎడారి వైపున ఉన్న జియాయుగ్వాన్ నుంచి ఉలై బయలుదేరారు. ఆమెకు దక్కింది కూలిపోయిన మెట్లు, నిటారు కొండలు. అతనికి దక్కింది ఇసుక, మట్టి గోడలు. ఇద్దరి వెంటా ప్రభుత్వం పెట్టిన మనుషులూ దుబాసీలూ ఉన్నారు. చెరో రెండున్నర వేల కిలోమీటర్లు నడిచాక, జూన్ 27న షాన్షీ రాష్ట్రంలోని షెన్‌మూ దగ్గర ఎర్లాంగ్ షాన్ అనే కొండ మీద ఎదురుపడి, కౌగిలించుకుని, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. తనకు తోడు వచ్చిన దుబాసీని ఉలై ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు.

మూడు నెలల నడక, ఒంటరి రాత్రులు, అలసిన కాళ్లు ఇద్దరినీ మళ్లీ కలపాలని చదివేవారి మనసు కోరుకుంటుంది, నా మనసూ కోరుకుంది. అలా జరగలేదు. నడకకు మనసును తేలికపరిచే శక్తి ఉందేమో కానీ, ఒకరికొకరు చెప్పుకోవలసిన మాటలు అది చెప్పిపెట్టదు. ఎదురెదురుగా నడిచిన ఆ ఇద్దరికీ పక్కపక్కన నడిచే అవకాశం రాలేదు కూడా. కలిసి నడిచి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, కానీ ఆ తేడా చిన్నదని నేను అనుకోను.

మ్యూజియంలో ఎవరినీ తాకకూడదని తాను పెట్టుకున్న నియమాన్ని మెరీనా ఉలై కోసం తప్పి, బల్ల మీదుగా చేతులు చాచిన మాట నిజమే. ఆ కన్నీళ్లూ నిజమైనవే, వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే కలిసి చేసిన పనులపై తనకు రావలసిన డబ్బు, పేరు రాలేదని ఉలై 2015లో మెరీనా మీద దావా వేశాడు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం అతనికి రెండున్నర లక్షల యూరోలు చెల్లించాలని, ఆ కృతులపై ఇద్దరి పేర్లూ సరిగా వేయాలని తీర్పు ఇచ్చింది. మీ వ్యాసం ఈ తీర్పును పూర్తిగా వదిలేయడం నాకు బాధ కలిగించింది. కలిసి చేసిన పనిలో ఒకరి పేరు చెరిగిపోతూ ఉంటే, ఎంత ప్రేమగా చేయి పట్టుకున్నా ఆ లోటు తీరదు. భార్యాభర్తలిద్దరూ కష్టపడి నిలబెట్టిన నాటక సమాజాలూ, దుకాణాలూ ఒక్కరి పేరున చలామణీ కావడం మన ఊళ్లలో కొత్త కాదు.

ఆ తీర్పు తర్వాత మన దేశంలోని ఒక ఆయుర్వేద కేంద్రంలో ఇద్దరూ అనుకోకుండా తారసపడ్డారని, కోపాలు అక్కడే వదిలేసుకున్నారని మెరీనా తర్వాత చెప్పింది. 2020 మార్చి 2న ఉలై స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో కన్నుమూసేనాటికి వాళ్లు స్నేహితులు. రెండో అవకాశం అనదగినది ఇదే. అది ప్రేమగా కాక స్నేహంగా వచ్చింది, అదీ లెక్కలు తేలిన తర్వాతే వచ్చింది.

కాబట్టి అనుబంధంలో ఈ కథకు రెండో భాగం వేయవలసిందిగా కోరుతున్నాను. అందులో గోడ మీద నడకకు, కోర్టు తీర్పుకు చోటివ్వండి. ఇంతవరకు మెరీనా వైపు నుంచే చెప్పిన ఈ కథలో ఉలై మాటకు కూడా సగం పేజీ కేటాయించండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, విజయనగరం