టీకాస్ టెస్టు గురించి మా చిన్నికి

చిన్నీ,

నిన్న ఫోన్లో టీకాస్‌కి, అదే గాల్లో విమానాలు గుద్దుకోకుండా పైలట్‌ని హెచ్చరించే బాక్సుకి, విమానాన్ని నేల మీద నిలిపి చేసే రాంప్ టెస్టు డ్యూటీ వేశారని చెప్పి "ఏముంది నాన్నా, బటన్ నొక్కితే అదే ఓకే అంటది" అన్నావే, అప్పట్నుంచి నా మనసంతా దాని మీదే ఉండాది, ఫోన్లో చెప్తే సగం మాటలు కావలి సిగ్నల్‌కే పోతాయి కాబట్టి టైపు చేసి పంపిస్తా ఉండా, షిఫ్టు అయినాక తీరిగ్గా చదువు.

బటన్ నొక్కితే జరిగేది బాక్సు తనని తాను చూసుకోవడం, అంతవరకే. తెర మీద ఎర్ర చదరం, పసుపు గుండ్రం, ఒక నిండు డైమండు, ఒక బోలు డైమండు వరసగా కనపడి చివర్లో టెస్ట్ ఓకే అని గొంతు వినపడుద్ది, అంటే లోపలి సర్క్యూట్లు, డిస్‌ప్లే, స్పీకరు బాగుండాయని. బయట నిజంగా ఇంకో విమానం ఎదురొస్తే దాన్ని ఎట్టా పట్టుకుంటదో, సరైన దిక్కులో చూపిస్తదో లేదో ఆ బటన్ చెప్పలేదు. అందుకే టెస్ట్ సెట్టు తెచ్చి విమానం ముక్కు ముందర ట్రైపాడ్ మీద పెట్టి, సిగ్నల్‌తో లేని విమానాన్ని పుట్టిస్తారు. పది మైళ్ళ నుంచి మన ఎత్తులోనే మన మీదికి వస్తున్నట్టు సెట్ చేస్తే కాక్‌పిట్లో కూర్చున్నోళ్ళకి ముందు డైమండు కనపడుద్ది, దగ్గరయ్యేకొద్దీ పసుపు గుండ్రమై "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటది, ఇంకా దగ్గరైతే ఎర్ర చదరమై "క్లైంబ్, క్లైంబ్" అని అరుస్తది, ఎంత వేగంగా ఎక్కుతుందో దిగుతుందో చూపించే వర్టికల్ స్పీడు స్కేలు మీద ఏ వైపు పోకూడదో ఎరుపు, ఏ వైపు పోవాలో ఆకుపచ్చ పడతాయి. మామూలుగా భూమికి 1,000 అడుగుల లోపు ఈ ఎక్కు దిగు సలహాలు రాకుండా కట్టుంటారు, కాబట్టి విమానం గాల్లో ఉందని సిస్టమ్‌ని నమ్మించాల్సి వస్తది, అది ఎట్టా చెయ్యాలో మాన్యువల్లో ఏ మాట ఉంటే ఆ మాటే చెయ్యి, సీనియర్ చెప్పిన అడ్డదారి వద్దు. ట్రైపాడ్‌ని ముక్కు కాడే వదలకుండా కుడి రెక్క వైపు, తోక వైపు, ఎడమ వైపు కూడా మార్చి చూడు, నువ్వు తోక కాడ నించుంటే తెర మీద కూడా తోక వైపే కనపడాలి.

ఇంతవరకు నీకు క్లాసులో చెప్పే ఉంటారు. నేను రాయాలనుకుంది ఇకమీద చెప్పేది.

టీకాస్ చుట్టూ ఉన్న విమానాల్ని 1030 మెగాహెర్ట్జ్ మీద అడుగుద్ది, వాటిల్లో ఉండే జవాబు రేడియోలు, అంటే ట్రాన్స్‌పాండర్లు, 1090 మీద జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన టైమును బట్టి దూరం, జవాబులో ఉన్న అంకెను బట్టి ఎత్తు. ఆ ఎత్తు అబద్ధమైతే కనిపెట్టే దారి పైనున్న విమానానికి లేదు. ఇప్పుడు హ్యాంగర్లో మీవాళ్ళు పరీక్ష కోసం గాలి ఒత్తిడి మార్చే పిటోట్ స్టాటిక్ కిట్టు తగిలించి, ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ని 5,000 అడుగులకు ఎక్కించారనుకో, ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంది, ఎత్తు చెప్పే స్విచ్చి కూడా ఆన్‌లోనే ఉంది. మీరుండే శంషాబాద్ నేలే సముద్ర మట్టానికి 2,000 అడుగుల పైన ఉంటది, అంటే 5,000లో పోయే విమానం మీ రేకుల మీద 3,000 అడుగుల ఎత్తులోనే పోతా ఉంటది. అది అడుగుద్ది, మీ విమానం "నేను 5,000లో ఉండా" అంటది, దూరం చూస్తే కిలోమీటరు. కెప్టెన్‌కి ట్రాఫిక్ అని వినపడుద్ది, లెక్క ఇంకా దగ్గరైతే క్లైంబ్ అని వినపడుద్ది. అప్పుడు ఆయన ఆగి ఆలోచించడు తల్లీ, ఆలోచించకూడదు కూడా. ఐదు సెకన్లలో అది చెప్పినట్టు విమానాన్ని ఎక్కించడమో దించడమో మొదలెట్టాలని నేర్పారు. క్యాబిన్‌లో బెల్టు పెట్టుకోకుండా నించోనున్న పిల్లలు పడిపోవచ్చు, పైన నిజంగానే ఇంకో విమానం ఉంటే ఎక్కడం వల్ల దానికి దగ్గరవ్వచ్చు. ఇదంతా కింద హ్యాంగర్లో ఒక స్విచ్చి మర్చిపోయినందుకు.

పైలట్లు అంత గుడ్డిగా ఎందుకు వింటారో తెలిస్తే నీకు ఆ స్విచ్చి బరువు తెలుస్తది. 1996 నవంబర్ 12న ఢిల్లీకి దగ్గర్లో చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానం 14,000 అడుగులకు ఎక్కుతా ఉండాది, కజకిస్తాన్ విమానం 15,000 దగ్గర ఆగాల్సింది ఆగకుండా దిగింది, గుద్దుకుని రెండిట్లో ఉన్న 349 మందీ పోయారు. రెండిట్లోనూ టీకాస్ లేదు. నువ్వు అప్పటికి పుట్టలేదు, ఆ రాత్రి మా యూనిట్లో ఒక్కరం కూడా నిద్రపోలా. ఆ తర్వాతే మన దేశంలో ఇది తప్పనిసరి చేశారు.

2002 జులై 1న జర్మనీలో ఉబర్లింగెన్ పైన జరిగింది ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ రెండిట్లోనూ టీకాస్ ఉంది, రెండూ సరిగ్గానే పనిచేశాయి. మన ట్రంకు రోడ్డులో రెండు స్కూటర్లు ఎదురుపడి ఇద్దరూ ఒకే వైపుకి తప్పుకోబోతారే, అట్టా కాకుండా ఈ బాక్సులు ముందే మాట్లాడుకుని ఒకటి ఎక్కాలి ఒకటి దిగాలి అని తేల్చుకుంటాయి. రష్యా విమానానికి ఎక్కమని చెప్పింది, కార్గో విమానానికి దిగమని చెప్పింది. అదే టైములో నేల మీద నుంచి విమానాలకి దారి చెప్తా ఒంటరిగా డ్యూటీలో ఉన్న కంట్రోలర్ రష్యా విమానాన్ని దిగమన్నాడు, వాళ్ళు ఆయన మాట విన్నారు. రెండూ దిగాయి. 71 మంది, అందులో ఎక్కువ మంది సెలవులకు పోతున్న పిల్లలు. ఆ తర్వాత ప్రపంచమంతా రూలు గట్టిగా రాశారు, టీకాస్ ఒకటి చెప్పి కంట్రోలర్ ఇంకోటి చెప్తే టీకాస్ మాటే వినాలి అని.

అంటే మీ హ్యాంగర్లోంచి లేచే దొంగ విమానం మాట, టవర్‌లో కూర్చున్న మనిషి మాట కంటే పైలట్‌కి ఎక్కువ. ఎదురెదురుగా వచ్చే రెండు జెట్ల మధ్య దూరం పై ఎత్తుల్లో సెకనుకి దాదాపు అర కిలోమీటరు తరుగుద్ది, అందుకే వాళ్ళకి అనుమానించే టైము లేదు. కాబట్టి ఆ అనుమానం కింద ఉన్న నువ్వు పడాలి.

పని మొదలెట్టకముందే ట్రాన్స్‌పాండర్ స్టాండ్‌బైలో, అంటే జవాబివ్వకుండా గమ్మునుండేట్టు, ఉందో లేదో నువ్వే కళ్ళతో చూడు, ఎవరో చూశామన్నారని నమ్మొద్దు. ఆల్టిమీటర్ ఎక్కించే పనీ ట్రాన్స్‌పాండర్ పనీ ఒకేసారి రెండు టీములు చేస్తా ఉంటే గొడవైనా సరే ఒకదాన్ని ఆపించు. ఎత్తు చెప్పకుండా అయ్యే టెస్టుకి ఎత్తు స్విచ్చి ఆఫ్‌లోనే ఉంచు. ఎత్తు తప్పనిసరైతే యాంటెన్నాల మీద సిగ్నల్‌ని మింగే మూతలు పెట్టు, పైదీ కిందదీ రెండూ, చాలామంది పైది నిచ్చెనెక్కాలని వదిలేస్తారు, ఆకాశం వైపు చూసేది అదే. టవర్‌కి ముందే ఫోన్ చేయించు. నైట్ షిఫ్టు ఆఖర్లో అందరూ ఇంటికి తొందరపడే టైములో ఇంకా జాగ్రత్తగా చూడు, పని అయిపోయినాక స్విచ్చి ఆన్‌లో మిగిలిపోయేది అప్పుడే.

కొత్తదాన్ని, నేనెట్టా అడగాలి అనుకోవద్దు. గమ్మున ఉంటే మంచి పిల్ల అంటారు, నాకు ఆ పేరు వద్దు.

మీ దగ్గర ఆ యాంటెన్నా మూతలు ఎన్ని ఉండాయో, ఎవరి కస్టడీలో ఉండాయో రేపు స్టోర్స్‌లో అడిగి నాకు మెసేజ్ పెట్టు. లేవంటే తెప్పించమని ఇండెంట్ ఎట్టా రాయాలో నేను చెప్తా.

నాన్న